మృదుభాషి

తాడేపల్లిగూడెం బస్టాండు బయట కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నారు. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఏ పెళ్ళిలోనో తీసిన గుంపు ఫొటోలోంచి కత్తిరించి ఉంటారు. భుజం మీద ఎవరిదో చెయ్యి సగం మిగిలిపోయింది. కింద పెద్దక్షరాలతో "మృదుభాషి, ఎందరో విద్యార్థులకు దారి చూపిన గురువు" అని రాయించారు. ఎవరు రాయించారో గానీ అబద్ధం రాయించలేదు. ఆయన నిజంగానే మెత్తగా మాట్లాడేవారు. నాతో అన్న మాటలన్నీ మెత్తటివే. వాటిలో ఒకటి ఇప్పటికీ అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది.

గూడెం స్టేషనుకి దగ్గర్లో పెయింట్ల కొట్టు మీద ఒక పొడుగాటి గది ఉండేది ఆయనకి. గోడవారగా కంప్యూటర్లు, మూలన త్రీడీ ప్రింటర్లు. కంప్యూటర్లో వస్తువు బొమ్మ కట్టి, ప్లాస్టిక్ తీగని కరిగించి పొరలు పొరలుగా పోసే ఆ యంత్రంలో అచ్చు తీయడం నేర్పేవారు. బొమ్మ కట్టడం కూడా చేతికొచ్చినట్టు గీసేది కాదు. పారామెట్రిక్ మోడలింగ్ అంటారు. పైపు లావు ఇంత అని ఒక్కచోట చెప్పి, దాని మీద కూర్చునే గొట్టం, గోడ మందం, బోల్టు కన్నం, అన్నీ ఆ ఒక్క కొలత మీదే ఆధారపడేలా అల్లుకుంటూ వెళ్ళాలి. రేపు పైపు మారితే ఆ ఒక్క అంకె మార్చుకుంటే చాలు, మిగతావి వాటంతటవే సర్దుకోవాలి. అల్లిక సరిగ్గా లేకపోతే అంకె మార్చగానే బొమ్మ మొత్తం కూలిపోతుంది.

మాది ఏలూరు. కైకలూరు రోడ్డులో మావారు ఏరేటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నారు. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి కొట్టే యంత్రాలవి. ఒక కంపెనీ పైపుకి ఇంకో కంపెనీ గొట్టం పట్టదు. రైతులు సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఇనప తీగ బిగించి సరిపెట్టుకునేవాళ్ళు. అది ఊడిందంటే తెల్లారేసరికి చేపలన్నీ తెల్లగా తేలి ఉండేవి. ఒకరోజు మావారు చెరువు గట్టున యంత్రం విప్పి చూస్తుండగా ఎవరో షెడ్డులో స్విచ్చి వేశారు. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆ తర్వాత సన్నపనులు ఆయన వల్ల కాలేదు. పైపుకీ గొట్టానికీ మధ్య కలిపే ముక్కలు, మేం కనెక్టర్లంటాం, అవి మనమే కొలతకి చేసి ఇస్తే బావుంటుందని అనుకున్నాం. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని కదా అని నేను బయల్దేరాను. శని ఆదివారాలు ప్యాసింజరెక్కి గూడెం వెళ్ళేదాన్ని.

మా బ్యాచిలో ఐదారుగురం ఉండేవాళ్ళం. ఇంజనీరింగు చదువుతున్న పిల్లల్ని కూడా ఆయన "ఏవండీ, ఇలా వస్తారా" అనే పిలిచేవారు. గొంతు పెంచడం ఎరగరు. తెల్లచొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, జేబులో రుమాలు. మన కంప్యూటరు దగ్గరకొచ్చి మౌసు పట్టుకోవాల్సొస్తే ముందు ఆ రుమాలుతో దాన్ని తుడిచేవారు. తుడవందే ముట్టేవారు కాదు. అందరిదీ తుడుస్తారు కాబట్టి ఎవరూ ఏమీ అనడానికి లేదు.

అచ్చు తీసిన ముక్క చేతికిస్తే బొటనవేలితో ఒక అంచు నొక్కేవారు. వేరే ఎవరితోనో మాట్లాడుతూనే, కిటికీలోంచి రోడ్డు చూస్తూనే నొక్కేవారు. టప్పుమని విరిగేది. "అయ్యో" అనేవారు, నిజంగా బాధపడ్డట్టే. "నాకు మర్యాద తెలుసండి. ప్లాస్టిక్కుకి తెలీదు కదా." విరక్కపోతే తన టీ గ్లాసులో పడేసి కాసేపు చూసేవారు. మెత్తబడి వంగితే బయటికి తీసి, "టీకే ఇలా అయ్యారు, చెరువు మీద ఎండకి ఏమైపోతారండీ" అని ఆ ముక్కనే అడిగేవారు. ఆ టీ తాగేవారు కాదు. ఎవరు చేసిన ముక్కో వాళ్ళే కిందికి వెళ్ళి ఇంకో టీ తేవాలి.

విరిగినవాటిని పారేసేవారు కాదు. నైలాను తాడుకి గుచ్చి గోడకి వేలాడదీసేవారు, ఒక్కోదాని మీద చేసినవాళ్ళ పేరు స్కెచ్ పెన్నుతో రాసి. కొత్తగా చేరడానికి ఎవరైనా వస్తే ముందు ఆ దండ దగ్గరికే తీసుకెళ్ళేవారు. "వీళ్ళంతా మీ సీనియర్లండి" అని పరిచయం చేసేవారు. మేం అక్కడే కూర్చుని ఉండేవాళ్ళం.

నా మొదటి కనెక్టరు వారాల తరబడి కూర్చుని చేశాను. ఒక పక్క గాలి మోటారు నుంచి వచ్చే లావు పైపు, ఇంకో పక్క చెరువులోకి దిగే సన్న గొట్టం. బొటనవేలికి విరగలేదు. టీలో వంగలేదు. నాకు లోపల్లోపల చాలా సంతోషంగా ఉంది. ఆయన రుమాలు తీసి నా మౌసు తుడిచి, పైపు లావు దగ్గరున్న అంకె చెరిపి ఇంకోటి కొట్టారు. స్క్రీను మీద నా కనెక్టరు నడిమికి తెగిపోయింది. సన్నగొట్టం భాగం దేనికీ అంటకుండా గాల్లో ఉండిపోయింది. పక్కన వరసగా ఎర్ర గుర్తులు.

"ఇక్కడ అంకె వేసేశారండి," అన్నారు. "అంకె వేయకండి, సంబంధం రాయండి అని చెప్పాను. చెప్పానాండీ?"

"చెప్పారండి."

"మీవారికి వేళ్ళు లేవన్నారు కదా."

"రెండు లేవండి."

"మీకు పదీ ఉన్నాయి. తేడా నాకు కనపడ్డం లేదండి."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వి ఉంటే బావుండేది, వాళ్ళమీద కోపం తెచ్చుకునేదాన్ని. ఆయన తన కుర్చీలోకి వెళ్ళి జామకాయ కోసి, ఉప్పు అద్దుకుని తిన్నారు. ఒక ముక్క నాకూ పంపారు. తిన్నాను. ఇంటికెళ్ళాక మావారు ఈవేళ ఏం నేర్పారని అడిగితే సంబంధాలు రాయడం నేర్పారని చెప్పాను.

నాకన్నా ఎక్కువ పడింది సునీత. అత్తిలి అమ్మాయి, ఇంజనీరింగు పూర్తిచేసింది. మా అందరిలోకీ తెలివైనది. ఆమె కట్టిన బొమ్మలో ఏ అంకె మార్చినా ఏదీ తెగిపోయేది కాదు, అన్నీ పద్ధతిగా సర్దుకునేవి. బొటనవేలికి, టీకి ఆమె ముక్కలు దొరికేవి కావు. దొరికింది నత్తి. ముఖ్యంగా స, ప దగ్గర ఆగిపోయేది. ఆయన్ని సార్ అని పిలవడానికే ఆ పిల్ల ఊపిరి కూడదీసుకునేది.

"డిజైనరన్నాక తన డిజైన్ని నోటితో చెప్పగలగాలండి," అని ప్రతి ఆదివారం ఆమెనే లేపి నిలబెట్టేవారు. ఆమె మొదలుపెట్టేది. పైపు అనబోయి ప దగ్గర పెదవులు బిగుసుకుపోయేవి. మెడ మీద నరం లేచేది. మేం బల్లల వంక చూసుకునేవాళ్ళం. ఎవరైనా పైపు అని అందించబోతే ఆయన చెయ్యెత్తి ఆపేవారు.

"తొందరేం లేదండీ," అనేవారు ఆమెతో. "సాయంత్రం దాకా ఉంటాం."

అలా అని చేతి గడియారం విప్పి బల్లమీద ఆమెకి కనపడేలా పెట్టేవారు.

కోర్సు ఆఖరి రోజున ఆమె ఒక మెలిక తిరిగిన కనెక్టరు చేసి తెచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. నొక్కలేదు. టీలో వేయలేదు. "డిజైను బావుందండి. వినడమే కష్టం," అన్నారు. ఆమె బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. సర్టిఫికెట్టు కోసం కూడా మళ్ళీ రాలేదు.

ఇప్పుడు కొల్లేరు వైపు చాలా చెరువుల మీద నేను చేసిన కనెక్టర్లున్నాయి. ఎండాకాలం గడిచినా పగలకుండా నిలిచాయి. ఆయన అలా రాపాడించబట్టే నీకంత పట్టుబడిందని అంటుంటారు తెలిసినవాళ్ళు. నేను ఒప్పుకోను. కాస్త మంచిగా చెప్పేవాళ్ళ దగ్గరైతే ఇంకా ముందే నేర్చుకునేదాన్ని. ఆయనకి పని వచ్చు, అది నిజం. మనుషుల్ని విరవడం కూడా వచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి గానీ, దానివల్ల ఇది వచ్చిందని అనుకోవడానికి నాకు మనసొప్పదు.

కిందటి వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. పెంటపాడులో వాళ్ళింటి పెరట్లో పడిపోయారట. కుడిపక్క చచ్చుబడింది. మాట పోయింది. కొన్ని నెలల తర్వాత వాళ్ళావిడ నాకు ఫోను చేశారు. ఆవిడ బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు, అందరం టీచరుగారనే అంటాం.

"అద్దెకి హాస్పిటల్ మంచం తెచ్చామండి. లేచి కూర్చోవాలంటే పట్టుకోవడానికి పిడి ఉండాలంటున్నారు ఫిజియోథెరపీ ఆయన. పిడి దొరికింది గానీ మంచం కమ్మీకి పట్టడం లేదు. మీరు చేసేవి అలాంటివే కదా," అన్నారు.

వెళ్ళాను. ముందుగది నడిమధ్య మంచం. ఆయన గడ్డం తెల్లగా పెరిగింది. చొక్కా లేదు. నన్ను చూసి ఎడమచెయ్యి కదిపారు, నోరు తెరిచారు. "అం... అండీ," అన్నారు. అదొక్కటే వస్తుందట. ముందూ వెనకా ఏ మాటా లేకుండా అండీ మాత్రం.

టీచరుగారు హుషారుగా ఉన్నారు. మంచం పక్కనే కుర్చీ వేసుకుని గలగలా మాట్లాడుతూ కూర్చున్నారు. "నేను బడినుంచి రాగానే, ఈవేళ ఎంతమందిని పాడుచేసి వచ్చారండీ అని అడిగేవారు. రోజూ. చెప్పులు కూడా విప్పనిచ్చేవారు కాదు. రిటైరైన రోజున దండతో వస్తే, ఇక ఊళ్ళో పిల్లలకి భయం లేదండి అన్నారు." అదంతా ఆయన మొహంలోకి చూస్తూనే చెప్పారు. "ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందండి."

నాకోసం పెసరట్టు వేసి తెచ్చారు. అల్లం వాసనకి ఆయన తల ఇటు తిప్పారు. ఆవిడ ప్లేటు ఆయన మొహం దగ్గరికి తీసుకెళ్ళి, "తింటారాండీ?" అని అడిగారు.

"అండీ," అన్నారు ఆయన.

"వద్దంటున్నారు," అని ఆవిడ నావైపు తిరిగి, ఆ పెసరట్టు తుంపుకుని తిన్నారు.

ఆ పిడికి కనెక్టరు ఎవరి సాయం లేకుండా నేనే చేయగలను. కానీ మనిషి బరువంతా దానిమీద పడుతుంది, విరిగితే ఆయన కింద పడతారు. భయమేసి సునీతకి ఫోను చేశాను. ఆమె ఇప్పుడు అత్తిలిలో సొంతంగా ప్రింటరు పెట్టుకుంది. సంగతి చెప్తే, "వ... వస్తానక్కా," అంది.

ఆ ఆదివారం ఇద్దరం వెళ్ళాం. సునీతని చూడగానే ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆమె పలకరించలేదు. కమ్మీ లావు కొలిచింది, పిడి కొలిచింది, మంచం పక్కన స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి పని మొదలెట్టింది. స్క్రీను ఆయనకి కనపడేలా తిప్పి పెట్టింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి చూడ్డం మొదలెట్టారు.

అప్పుడు సునీత ఒక పని చేసింది. కమ్మీని చుట్టుకునే పట్టీకి మందం రాయాల్సిన చోట ఉత్త అంకె కొట్టేసింది. కమ్మీ లావుతో ముడిపెట్టలేదు. చేరినవాళ్ళు మొదటి నెలలో చేసే తప్పు అది. ఆమె ఎప్పుడూ చేసి ఎరగదు. పొరపాటేమో అనుకుని నేను చెప్పబోతే, మోకాలితో నా మోకాలు నొక్కింది.

ఆయన చూశారు. ఎడమచేత్తో పరుపు మీద కొట్టారు. "అండీ," అన్నారు. సునీత ఇంకో చోట ఇంకో అంకె కొట్టింది. ఆయన మళ్ళీ కొట్టారు. నోరు తెరిచారు, పెదవులు ఒక పక్కకి లాక్కుపోయాయి. స అనబోతున్నారని నాకు అర్థమైంది. సగం ఊపిరి మాత్రం బయటికొచ్చి ఆగిపోయింది. మెడ మీద నరం లేచింది.

సునీత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"తొందరేం లేదండీ," అంది. ఎక్కడా ఆగకుండా, అంత శుభ్రంగా ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "సాయంత్రం దాకా ఉంటాం."

నాకు లేచి బయటికి పోవాలనిపించింది. పోలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొసలంతా చెమట పట్టింది. ఎన్నిసార్లు ప్రయత్నించారో. ప్రతిసారీ స దగ్గరే ఊపిరి తెగిపోతోంది. నేను ఉండబట్టలేక "సంబంధం అంటున్నారు సునీతా, మార్చెయ్యి" అనబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. ఎదురుగా గోడ మీద ఎండ పూర్తిగా పైకి పోయింది. టీచరుగారు వంటింట్లో గిన్నెలు సర్దుతున్నారు.

"సం," అన్నారు ఆయన. "సం... బం... ధం."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

సునీత స్క్రీను వైపు తిరిగి ఆ అంకెలు రెండూ చెరిపి, కమ్మీ లావుతో ముడిపెట్టి సరిగ్గా రాసింది. ఆయన దిండు మీద తల వాల్చి గట్టిగా గాలి పీల్చుకుంటున్నారు. టీచరుగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తడిచేతులు కొంగుకి తుడుచుకోవడం కూడా మర్చిపోయారు. సంతోషిస్తారనుకున్నాను.

"మళ్ళీ మాటెందుకు తెప్పించావమ్మా?" అన్నారు సునీతతో.

తిరిగి వస్తూ ఆటోలో నేను సునీతని అడిగాను, బాగుచేద్దామని చేశావా, పగ తీర్చుకుందామని చేశావా అని. "ఆయనలా వ... వణికిపోతుంటే నాకు బావుందక్కా," అంది. "మాట వచ్చాక కూడా బా... బావుంది. ఏది ఎక్కువ బావుందో ఇంటికెళ్ళి ఆలోచించుకోవాలి."

తర్వాతి వారం కనెక్టరు అచ్చు తీసి తెచ్చి రెండు బోల్టులతో బిగించాం. ఆయన ఎడమచేత్తో పిడి పట్టుకుని ఒక్కసారి లేచి కూర్చున్నారు. మా ఇద్దర్నీ చూశారు, కనెక్టరుని చూశారు. బావుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ఎప్పుడూ వచ్చే ఆ అండీ కూడా అనలేదు.

ఆ తర్వాత టీచరుగారు ఫోన్లు మానేశారు. సునీతతో ఇక రావద్దమ్మా అన్నారట. నేనే ఒకసారి గూడెంలో పనుండి, పనిలో పనిగా వెళ్ళాను. మంచం అక్కడే ఉంది గానీ ఆయన్ని తిప్పి పడుకోబెట్టారు. ఇదివరకు కాళ్ళున్న వైపు ఇప్పుడు తల ఉంది. పిడి ఆయన కుడికాలి దగ్గర ఉంది, చచ్చుబడ్డ పక్కన.

"ఇటు తలైతే కిటికీ గాలి తగులుతుందండి," అన్నారు టీచరుగారు.

"పిడి అటుండిపోయింది కదండీ. రెండు బోల్టులే, నేను మార్చేస్తాను. బోల్టు విప్పడానికి అలెన్ కీ ఉందాండీ ఇంట్లో?"

"ఆయన సామానంతా గూడెం గదిలోనే ఉందండి. అయినా ఎందుకు శ్రమ? లేచి కూర్చుని ఏం చెయ్యాలి?"

ఆయన నావైపే చూస్తున్నారు. ఎడమచెయ్యి ఎత్తి కాళ్ళవైపు చూపించారు. "బో," అన్నారు. "బో... ల్టు."

"బోల్టు అంటున్నారు," అన్నారు టీచరుగారు, దుప్పటి సర్దుతూ. "పాత పనులు గుర్తొస్తుంటాయి పాపం."

వచ్చే వారం అలెన్ కీ తెచ్చి మారుస్తానని ఆయన చెవి దగ్గర చెప్పి వచ్చాను. ఆ వారం కీ సంచిలో వేసుకుని వెళ్తుంటేనే బస్టాండు దగ్గర ఆ ఫ్లెక్సీ కనపడింది.

పెంటపాడు వెళ్ళేసరికి దహనం అయిపోయింది. మంచాన్ని అద్దె షాపువాళ్ళు అప్పుడే పట్టుకెళ్ళిపోయారట, మా కనెక్టరుతో సహా. చుట్టాలెవరో వరండాలో కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. టీచరుగారు నన్ను లోపలికి తీసుకెళ్ళి వంటింట్లో పీట వేశారు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉన్నారు. ఏడ్చినట్టు లేదు.

"నిన్న పొద్దున్నే పోయారండి," అన్నారు. "నేను ఇక్కడే పాలు కాస్తున్నాను. పేరు పెట్టి పిలిచారు."

"మిమ్మల్నాండీ?"

"నన్నే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏవండీ తప్ప ఇంకో పిలుపు లేదు. నా పేరు ఆయనకి తెలుసో లేదో కూడా అనుకునేదాన్ని. కామేశ్వరీ అన్నారు. ఎక్కడా తడబడలేదు. మీతో ఇప్పుడు నేను మాట్లాడుతున్నట్టే, అంత బాగా వినపడింది."

పొయ్యి మీద గిన్నె దించి, మూత వెతికి పెట్టారు.

"వెళ్ళారా మరి?" అన్నాను.

"లేదండి," అన్నారు ఆవిడ. "ఇంకోసారి పిలుస్తారేమోనని చూశాను."